తెస్తానన్న చాకు

బరంపురం నుంచి వచ్చిన ఈ ఉత్తరం ఏడు పేజీలు. అందులో నాలుగు పేజీలు ఒక చాకు గురించే. పేరు వద్దన్నారు కాబట్టి పేరు లేకుండా, కుదించి చెబుతాను.

రాసినాయన వయసు 41. బ్యాంకు ఉద్యోగి. పదిహేనేళ్లుగా మడత చాకులు, అంటే మడిచి జేబులో వేసుకునేవి, సేకరిస్తున్నారు. ఇప్పటికి 63 అయ్యాయి. ఫ్రాన్సులో తయారైన కర్రపిడి ఒపినెల్‌లు మూడు, స్విస్ చాకులు కొన్ని, అమెరికా నుంచి ఒక బంధువు తెచ్చిన కేస్ కంపెనీ మూడు అలుగుల, అంటే మూడు బ్లేడ్ల, స్టాక్‌మన్ రకం చాకు ఒకటి. మిగిలినవన్నీ సంతల్లో, పాతసామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చినవి. అత్తవారిది పర్లాకిమిడి. మామగారికి 78 ఏళ్లు. మామగారి తండ్రి నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలులో గార్డుగా చేసేవారట.

మొన్నటి సంక్రాంతికి అత్తవారింట్లో భోజనాలయ్యాక మామగారు అరుగు మీద కూర్చుని తేగలు చీలుస్తున్నారు. ఆయన చేతిలో చాకు మీద అల్లుడి చూపు పడింది. తెల్లటి పిడి, రెండు అలుగులు, పెద్ద అలుగు మొదట్లో ఒక నక్షత్రం, పక్కన శిలువ గుర్తు, కిరీటానికి అటూ ఇటూ జి, ఆర్ అక్షరాలు. ఇంగ్లండులో షెఫీల్డ్ నగరపు జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ ముద్ర అది. అలుగు కొద్దిగా ఊగుతోంది, స్ప్రింగు బిగువు తగ్గింది. "మామగారూ, ఇలా ఇవ్వండి, బాగు చేయించి తెస్తాను" అన్నారు ఈయన. "నీకు వీటి మీద మోజు కదా నాయనా, తీసుకెళ్లు" అన్నారు ఆయన.

తరువాత కథ మీరు ఊహించగలరు. చాకు ఫోటో ఒక మిత్రుడి ద్వారా ముంబయిలో ఒక సేకర్తకు చేరింది. ఆయన 40,000 రూపాయలు ఇస్తానన్నారు. ఆ మాట ఈయన భార్య ఫోనులో తమ్ముడితో యథాలాపంగా అన్నారు. విశాఖపట్నంలో ఉండే ఆ తమ్ముడు, అంటే ఈయన బావమరిది, మర్నాడే ఫోను చేసి "బావగారూ, నాన్న అమాయకత్వాన్ని వాడుకుంటారా? అది తాతగారి వస్తువు" అని నిలదీశాడు. ఇంట్లో అరవై కత్తులు పెట్టుకోవడం పోలీసు కేసు అవుతుందని కూడా ఒక మాట విసిరాడు. ఈలోగా మామగారు రెండుసార్లు ఫోనులో "చాకు బాగైందా నాయనా?" అని అడిగారు. "స్ప్రింగు రావాలి మామగారూ" అని రెండుసార్లూ ఈయన చెప్పారు. స్ప్రింగు ఎక్కడి నుంచీ రావడం లేదు. సంక్రాంతి వెళ్లి అయిదు నెలలైంది.

వచ్చే వారం భార్యాపిల్లలు సెలవులకు పర్లాకిమిడి వెళుతున్నారు. చాకు వాళ్లతో పంపాలా? పంపితే మామగారు దాన్ని నూతి గట్టు రాయి మీద నూరేస్తారు, ఆ అలుగు ఇక మిగలదని ఈయన భయం. అమ్మేసి డబ్బు ముగ్గురూ పంచుకుంటే గొడవ తీరుతుందా? లేక తన దగ్గరే భద్రంగా ఉంచుకోవడంలో తప్పేముంది? భార్యను అడిగితే "మీ ఇష్టం" అన్నారట. చివర ఒక ప్రశ్న జోడించారు: వర్షాకాలంలో చాకులకు ఏ నూనె మంచిది?

సమాధానం:

మీ ఉత్తరం మొదటిసారి మామూలుగా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. "మామగారు ఇచ్చారు" అన్న చోటల్లా గీత పెడుతూ పోతే అయిదు గీతలు తేలాయి. "తెస్తాను" అన్న మాట ఒక్కసారే ఉంది. అది మీరన్న మాట. మీరు అడిగింది బాగుచేయడానికి. ఆయన తీసుకెళ్లమన్నది ఆ అడిగినదానికి జవాబుగా. మధ్యలో "నీకు మోజు కదా" అన్నారు కాబట్టి అది కానుకలా మీకు వినిపించింది. కానుకే అయితే ఆయన రెండుసార్లు ఫోను చేసి బాగైందా అని అడగరు. ఇచ్చేసిన వస్తువు బాగోగులు ఎవరూ అలా కనుక్కోరు, తిరిగి రావలసినదాని గురించే కనుక్కుంటారు. ఈ సంగతి మీకూ తెలుసు. తెలియకపోతే "స్ప్రింగు రావాలి" అని చెప్పవలసిన అవసరం వచ్చేది కాదు.

మిమ్మల్ని దొంగ అనడం లేదు. నా సొరుగులోనూ ఓ ఇరవై చాకులున్నాయి. పాత షెఫీల్డ్ సరుకు కంటపడితే చేతులెలా దురద పెడతాయో నాకు తెలుసు. ఆ దురదలో మనం వస్తువును కాపాడుతున్నామని మనకు మనమే చెప్పుకుంటాం. అందులో సగం నిజమే. మిగతా సగం గురించే మీరు ఏడు పేజీలు రాశారు.

ముందు ఆ 40,000 సంగతి చూద్దాం. ఇంట్లో గొడవంతా ఆ అంకె చుట్టూ తిరుగుతోంది, ఆ అంకె నిలుస్తుందని మాత్రం నాకు అనిపించడం లేదు.

పెద్ద అలుగు "వార్న్‌క్లిఫ్" రకమని రాశారు. వాదర, అంటే పదునంచు, గీత గీసినట్టు తిన్నగా ఉండి, వెన్ను వంగి మొన దగ్గర దాన్ని కలుస్తోందట. ఒక ఇంగ్లీషు ప్రభువు పేరు మోస్తున్న ఆ ఆకారాన్ని రాడ్జర్స్ వారు చేసిన మాట నిజమే, అందుకే మీకు నమ్మకం కుదిరింది. అయితే వార్న్‌క్లిఫ్ అలుగుకు వెన్ను పిడి దగ్గర నుంచే మెల్లగా వాలుతూ వస్తుంది. మొన దాకా తిన్నగా వెళ్లి చివర ఒక్కసారిగా వంగితే అది షీప్స్‌ఫుట్, గొర్రెగిట్ట. మీ స్టాక్‌మన్ తెరిచి పక్కన పెట్టుకోండి, అందులోని మూడు అలుగుల్లో ఒకటి అదే. (మిగిలిన రెండిట్లో వెన్ను చివర కోసినట్టు లోపలికి వంగి మొన చురుగ్గా ఉండేది క్లిప్. మొన మొద్దుగా ఉండేది స్పే. కోడెదూడలకు బీజాలు తీసేటప్పుడు మొన ఎక్కడా గుచ్చుకోకుండా దాన్ని అలా చేశారు.) మీ వర్ణన చూస్తే మామగారి చాకు గొర్రెగిట్టకే దగ్గర.

నా అనుమానం ఇంకాస్త ముందుకు వెళుతోంది. మీరే రాసిన రెండు విషయాలు మీరే దాటవేశారు. చాకు మడిచినప్పుడు పెద్ద అలుగు మొనకూ పిడిలోని గాడి చివరకూ మధ్య చిటికెన వేలి గోరంత ఖాళీ ఉందన్నారు. అలుగును లాగడానికి గోరు పెట్టే గాటు మొనకు మరీ దగ్గరగా ఉందన్నారు. కొత్తగా ఉన్నప్పుడు షెఫీల్డ్ పనివాళ్లు గాడిలో అంత చోటు వృథాగా వదిలే రకం కాదు. తెల్లపిడి రెండలుగుల చాకుల్లో చిన్నది పెన్ బ్లేడు, పూర్వం ఈక కలాలు చెక్కుకున్నది. పెద్దది చాలాసార్లు స్పియర్, ఈటెమొనలా రెండు వైపులా సమంగా సన్నబడేది. ఆ ఈటెమొన ఎప్పుడో విరిగి, మిగిలినదాన్ని ఎవరో రాయి మీద అరగదీసి కొత్త మొన తీర్చి ఉంటారు. అలా తీర్చిన అలుగు చూడడానికి గొర్రెగిట్టలాగే ఉంటుంది. ఫోటోలో చూసి నలభై వేలన్న మనిషి చాకు చేతికొచ్చాక ఇదే చెప్పి బేరాన్ని నాలుగో వంతుకు దించుతాడు. పైగా రాడ్జర్స్ పేరును అనుకరించిన ముద్రలు ఆ రోజుల్లోనే లెక్కలేనన్ని ఉండేవి. నక్షత్రం, శిలువ రెండూ స్పష్టంగా ఉన్నాయా, కంపెనీ పేరు అక్షరం అక్షరం సరిపోయిందా అన్నది భూతద్దంతో చూడాలి. కిరీటం, జి, ఆర్ నిజమైనవే అయితే చాకు జార్జి రాజుల కాలానిది, బహుశా 1910 తర్వాతది.

మొన ఎప్పుడు విరిగింది, ఎవరు తీర్చారు? చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన పర్లాకిమిడిలో చాకు కోసం ఎదురుచూస్తున్నారు. కేస్ కంపెనీ వాళ్లు 1970లో అలుగు మీద తమ ముద్ర కింద పది చుక్కలతో మొదలుపెట్టి ఏడాదికొక చుక్క తగ్గిస్తూ వచ్చారని, మీ స్టాక్‌మన్ మీద ఏడు చుక్కలున్నాయి కాబట్టి అది 1973ది అని ఎంతో ముచ్చటగా రాశారు. ఆ చుక్కలకు ఇచ్చిన శ్రద్ధలో కాస్త మామగారికి ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే పని తప్పేది. ఏడు పేజీల్లో ఆయన మాట్లాడినవి రెండే వాక్యాలు. చాకు ఆయన తండ్రి చేతికి ఎలా వచ్చిందో మీరు అడగలేదు. ఆ చిన్న రైలు 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వచ్చింది, 1931కి గుణుపురం చేరింది. వాళ్ల నాన్నగారు ఏ ఏళ్లలో గార్డుగా చేశారో కనుక్కుంటే చాకు వయసు మీ పుస్తకాలకంటే బాగా తేలుతుంది. బావమరిదీ అడగలేదు. అమ్మడమా, దాచడమా అని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. దాని యజమాని మాత్రం తేగలైపోయి మామిడికాయల కాలం వచ్చినా చాకు లేకుండా కూర్చున్నారు.

ఇక తెల్లపిడి. ఇది మీరు అనుకున్నదానికంటే పెద్ద విషయం. "బహుశా దంతం, అందుకే అంత ధర" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. దంతమే అయితే ధర అన్న ప్రశ్నే లేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో దిగుమతి చేసిన ఆఫ్రికా దంతం వ్యాపారం నిషిద్ధమయ్యాయి. తాతగారి కాలం నాటిది కదా అంటే చెల్లదు. అమ్మడమూ నేరమే, కొనడమూ నేరమే. అంతేకాదు, యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఇలాంటి వస్తువును వారసత్వంగా తప్ప మరోలా పుచ్చుకోకూడదన్న నియమం కూడా ఆ చట్టంలో చేరింది. వారసత్వంగా వచ్చినా 90 రోజుల్లోగా అటవీ అధికారులకు తెలియజేయాలి. అంటే దంతమైతే మామగారు మనస్ఫూర్తిగా కానుక ఇచ్చినా మీరు పుచ్చుకోవడానికి లేదు. వారసులు అత్తగారూ, కొడుకూ, కూతురూ. కూతురంటే మీ ఆవిడ. వాటాల లెక్క వేసినప్పుడు మీరూ బావమరిదీ ఆమె పేరు ఎక్కడా ఎత్తినట్టు లేదు.

కాబట్టి ముందు అది దంతమో కాదో తేల్చుకోండి. పిడి చివర, అడ్డంగా కోసినట్టు కనిపించే చోట, భూతద్దం పెట్టి చూడండి. సన్నటి గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ జల్లెడలా కనిపిస్తే దంతం. నిలువునా నల్లటి సన్నటి చుక్కలు, గీతలు కనిపిస్తే ఎముక, చాలా చాకుల పిడి అదే. గీతలు మరీ తీరుగా, ఒకే దూరంలో సాగుతుంటే సెల్యులాయిడ్, దంతాన్ని అనుకరిస్తూ చేసిన పాతకాలపు ప్లాస్టిక్. వేడి సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు, ఆ పని చేయకండి. సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది. ఇంకొకటి, అది పాతబడితే దాని నుంచి వచ్చే ఆవిరికి పక్కన ఉన్న చాకులకు తుప్పు పడుతుంది, అలాంటిదాన్ని మిగిలిన 62తో ఒకే పెట్టెలో పెట్టకండి. దంతమే అనిపిస్తే ముంబయి సేకర్తకు "అమ్మడం లేదు" అని చెప్పి ఆ సంభాషణ అక్కడితో ఆపండి. ఒక న్యాయవాదిని కలిసి, మామగారి తరఫున అటవీ శాఖకు ఏం తెలియజేయాలో కనుక్కోండి. ఎముక అయితే ఈ పేరా మొత్తం మరచిపోవచ్చు. అప్పుడు నలభై వేలు కూడా మరచిపోవచ్చు.

ఇప్పుడు చాకు ఏం చేయాలన్నది. మీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంత మేరకు చెబుతాను. ఏది తీసుకున్నా కొంత నష్టం ఉంది.

ఒకటి, వచ్చే వారం మీ ఆవిడతో పంపేయడం. మాట నిలబడుతుంది. అయితే చాకు మీ ఆవిడ చేతుల మీదుగా వెళితే, అయిదు నెలల ఆలస్యానికి జవాబు చెప్పుకునే పని కూడా ఆవిడ మీదే పడుతుంది. "స్ప్రింగు వచ్చిందా అమ్మా?" అని నాన్న అడిగితే ఆవిడ ఏం చెప్పాలి? మీ అబద్ధాన్ని ఆవిడ మోయాలి, లేకపోతే బయటపెట్టాలి. మీకు "మీ ఇష్టం" అన్నప్పుడు ఆవిడకు ఇదంతా కనిపించే ఉంటుందని నా ఊహ. మన ఇళ్లలో ఆ మాటకు "నన్ను మధ్యలో పెట్టకండి" అన్న అర్థం కూడా ఉంది. చాకు వెళ్లాలంటే మీరే వెళ్లండి. బరంపురం నుంచి పర్లాకిమిడి ఎంత దూరం?

వెళ్లి చాకు ఇచ్చాక ఆయన దాన్ని రాయి మీద నూరుతారు. నూరనివ్వండి. మీకు కోపం రావచ్చు, కానీ ఆ అలుగుకు ముప్పు ఆ రాయితో లేదు. నీళ్లు చల్లుకుంటూ చేత్తో నూరితే ఉక్కు వేడెక్కదు. బండి మీద తిరిగే సానచక్రానికి ఇస్తే నిప్పురవ్వలతో పాటు ఉక్కుకు పెట్టిన పాయనం, అంటే కాల్చి తెప్పించిన గట్టిదనం, కూడా పోతుంది, అంచు నీలంగా మారుతుంది, అది తిరిగిరాదు. మామగారు చక్రానికి ఇవ్వకుండా అన్నేళ్లు రాయి మీదే నూరుకున్నారు కాబట్టే మీరు చూసేదాకా అలుగు మిగిలింది. మీరు కూడా ఒక పని చేయవచ్చు. వెళ్లినప్పుడల్లా సన్నరకం సానరాయి ఒకటి వెంట తీసుకెళ్లి, ఆయన పక్కన కూర్చుని మీరే పదును పెట్టి ఇవ్వడం. అరుగుదల తగ్గుతుంది. ఆయన పూర్తిగా ఒప్పుకుంటారని చెప్పలేను. తన చాకు పదును తన చేతికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని నమ్మే తరం వారిది, ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

రెండు, నిజం చెప్పి, చాకు మీకు ఇమ్మని అడగడం. పిడి దంతం కాకపోతేనే ఈ దారి. ఇందులో చిక్కు ఏమిటంటే అల్లుడు అడిగితే మామగారు కాదనరు. కాదనలేనివారిని అడగడం లాక్కోవడంతో సమానం. అందుకని అడిగే తీరులో ఆయనకు కాదనే వీలు మిగల్చాలి. ముందు చాకు ఆయన ముందు పెట్టండి. (చేతికి ఇవ్వకండి, కత్తి చేతికి చేతికి అందించకూడదని ఆయన అంటారు, కింద పెట్టి తీసుకోమంటారు.) ఆయన దాన్ని తెరిచి, మూసి, జేబులో వేసుకోనివ్వండి. ఆలస్యం ఎందుకైందో చెప్పండి, స్ప్రింగు మాట అబద్ధమని కూడా చెప్పండి. అదంతా అయ్యాక, అదే రోజు కాకపోతే ఇంకా మంచిది, "మీకు దీంతో పని తీరాక నాకు ఇస్తారా?" అని అడగండి. చాకు జేబులో ఉన్న మనిషి జవాబు వేరుగా ఉంటుంది, నిజంగా ఉంటుంది. "మా వాడికి ఇవ్వాలనుకున్నాను" అనవచ్చు. అలా అంటే మీరు నవ్వుతూ సరే అనగలరా? అనలేకపోతే ఈ దారి ఎంచుకోకండి.

మూడు, పాతది జాగ్రత్తగా పక్కన ఉంచి, రోజూ వాడుకోవడానికి ఆయనకు ఇంకొకటి ఇవ్వడం. మీకు ఇది ఎక్కువ నచ్చుతుందని నాకు తెలుసు. ఎందుకంటే ఇందులో మీ 63లోంచి ఒకటి ఎంచే సరదా ఉంది. ఎంచాలనుకుంటే 78 ఏళ్ల గోళ్లను దృష్టిలో పెట్టుకోండి. గట్టి స్ప్రింగున్న చాకుకు గోటి గాటులో గోరు పెట్టి లాగడం ఆ వయసులో కష్టం. మీ ఒపినెల్‌లలో ఎనిమిదో నంబరుది ఉంటే అది బాగుంటుంది. దానికి స్ప్రింగే లేదు, రెండు వేళ్లతో అలుగు పట్టుకుని తెరవవచ్చు, తెరిచాక అలుగు మొదట్లో ఉన్న కంకణం తిప్పితే బిగుసుకుంటుంది, వేళ్ల మీదికి మడతపడదు. అది నచ్చకపోతే పిడి పోయిన చాకు ఒకటి పర్లాకిమిడికే పట్టుకెళ్లండి. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు చేసే పనివారికి పేరున్న ఊరది. గేదె కొమ్ముతో పిడి చేయించవచ్చు. దుప్పి కొమ్ము మాత్రం ఎవరిస్తామన్నా వద్దు, అది మళ్లీ వన్యప్రాణి చట్టంలోకే వస్తుంది. ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కానీ పాతదానికి బదులుగా అని మాత్రం ఇవ్వకండి. ఆయన చాకు ఆయన జేబులో ఉండగా రెండోదిగా ఇవ్వండి. ఏది జేబులో మిగులుతుందో, ఏది బీరువాలోకి వెళుతుందో ఆయన తేల్చుకుంటారు. ఆరు నెలల తర్వాత మీ ఒపినెల్ వంటింట్లో అత్తగారి చేతిలో బీరకాయ చెక్కు తీస్తూ కనిపిస్తే నొచ్చుకోకండి.

నాలుగోది, ఏమీ చెప్పకుండా ఇంకా కొన్నాళ్లు గడపడం. మీరు ఇప్పుడు చేస్తున్నది అదే. దీని ఫలితం మీకు తెలుసు కాబట్టి దీని గురించి రాయను.

నేనైతే ఏం చేస్తానని అడుగుతారు. మొదటి దారిలో వెళ్లి, రెండో దారి మాట నోటి చివర ఉంచుకుని, అరుగు మీద కూర్చుని మొన విరిగిన కథ చెప్పమంటాను. కథ విన్నాక ఆ చాకును అడగాలనిపిస్తుందో లేదో నాకే తెలియదు. మీ సంగతి మీరు చూసుకోవాలి.

వెళ్లే ముందు చాకును బాగు చేయడం మరువకండి, మాట ఇచ్చింది దానికే. స్ప్రింగు బిగువు తగ్గిందనుకున్నవాటిలో చాలావరకు కీలులో పేరుకున్న మట్టి, ఎండిన జిడ్డు వల్లే అలా అనిపిస్తుంది. కీలులో కొన్ని చుక్కల కిరోసిన్ వేసి, అలుగు పదిసార్లు తెరిచి మూసి, సన్నటి గుడ్డతో మురికి లాగి, పూర్తిగా ఆరాక నూనె వేయండి. పిడి మీద కిరోసిన్ పడకుండా చూడండి. అలుగు ఊగడం మాత్రం కీలుమేకు వదులవడం వల్ల. దాన్ని సుత్తితో తట్టి బిగించాలి, తట్టేటప్పుడు ఎముకైనా దంతమైనా చిట్లుతుంది. తెలిసిన చెయ్యి దొరికేదాకా దాన్ని ముట్టకండి. కొద్దిగా ఊగే చాకుతో ఆయన తేగలు చీల్చుకుంటూనే ఉన్నారు కదా.

బావమరిది విషయం. అతని కోపంలో రెండు పొరలు కనిపిస్తున్నాయి. పైది డబ్బు. అది పిడి సంగతి తేలగానే చల్లారుతుంది. కిందది, నాన్న దగ్గర తాను లేనప్పుడు ఇంట్లోంచి ఒక వస్తువు కదిలిందన్న బాధ. దూరాన ఉన్న కొడుకులకు ఇది ఉంటుంది. వాదించకండి, న్యాయాన్యాయాలు ఫోనులో తేల్చకండి. చాకు తిరిగి ఇచ్చాక మీరే అతనికి ఫోను చేసి "నాన్నగారి చాకు నాన్నగారికి చేరింది" అని చెప్పండి. అమాయకత్వం మాటకు అతను క్షమాపణ చెబుతాడని ఎదురుచూడకండి, చెప్పినా చెప్పకపోయినా సంక్రాంతికి మళ్లీ ఒకే పంక్తిలో కూర్చోవాలి.

పోలీసుల బెదిరింపు గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో పదునైన ఆయుధాలుగా లెక్కించేది 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగున్నవాటిని. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు. మీరు రాసిన జాబితాలో నాలుగు అంగుళాలు దాటిన అలుగే లేదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం మీద ఢిల్లీ వంటి చోట్ల వేరే ఆంక్షలున్నాయి, అలాంటిది ఉంటే దాన్ని వదిలించుకోండి. విమానంలో చేతి సంచిలో ఏ చాకూ పెట్టకూడదని మీకు చెప్పనక్కర్లేదు. చాకు అనగానే సినిమాలో రౌడీ గుర్తుకొచ్చేవారికి మీ పెట్టె తెరిచి పెన్ బ్లేడు చూపించి, దీంతో ఈక కలం చెక్కేవారు అని చెప్పండి. సగం మంది నమ్మరు.

చివరి ప్రశ్నకు. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు. కొన్నాళ్లకు జిగటగా గట్టిపడి కీలు పట్టేస్తుంది. ప్రదర్శనకు పెట్టినవాటికి కుట్టుమిషను నూనె చాలు, కీలులో ఒక చుక్క, అలుగు మీద వేలితో పల్చగా. పండ్లు కోసేవాటికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి, కడుపులోకి పోయినా భయం లేదు. తోలు సంచుల్లో పెట్టి మూసేయకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, వానాకాలం అయ్యేసరికి లోపలి ఇత్తడి రేకుకు చిలుము పడుతుంది. మామిడికాయ కోసిన పాత ఉక్కు అలుగు కాసేపటికే నల్లబడుతుంది. అది తుప్పు కాదు, ఇసుక కాగితం పెట్టి తోమకండి. ఎర్రగా పొడి రాలితేనే తుప్పు. నల్లటిదాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరాక మడిస్తే సరిపోతుంది.